కారుచౌడు సవరణలో క్రియాజనకాల పరిమాణ గణనం: దిగువ కృష్ణా డెల్టా నేలలకు జిప్సం మోతాదు లెక్క

పామిడిముక్కల మండలం కాలువ నీటి కింద వరి, చెరకు, వరి కోసిన మాగాణిలో మినుము పండే ప్రాంతం. ఇక్కడి నుంచి మొవ్వ, ఘంటసాల మీదుగా దివిసీమకు, మరొక వైపు బందరు తీరానికి దిగే కొద్దీ నేల స్వభావం మారుతుంది. కాలువల శివారు భూములు, మురుగు నిలిచే పల్లపు మడులు, బోరు నీటిపై ఆధారపడిన చెక్కలు చౌడుబారే ప్రమాదానికి ఎక్కువగా గురవుతాయి. అటువంటి పొలానికి జిప్సం వేయమని సలహా ఇవ్వడం తేలిక. ఎంత వేయాలన్నది చెప్పడమే కష్టం. ఒకే మోతాదును అన్ని పొలాలకూ సూచిస్తే ఒక రైతుకు అవసరం లేని ఖర్చు, మరొక రైతుకు చాలీచాలని సవరణ మిగులుతాయి. రెండో సందర్భంలో నష్టం మరింత ఎక్కువ. డబ్బు పోవడమే కాక, జిప్సం పనిచేయదన్న అపనమ్మకం ఊరిలో స్థిరపడుతుంది.

ఈ లెక్కకు మూలం రసాయన శాస్త్రంలోని స్టాయికియోమెట్రీ, అనగా ఒక చర్యలో పాల్గొనే పదార్థాల పరిమాణాల మధ్య గల నిష్పత్తుల గణనం. ఈ పదాన్ని 1792లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు జెరెమియాస్ బెంజమిన్ రిక్టర్ ప్రవేశపెట్టాడు. ఆరు దశాబ్దాలు గడవకముందే, 1850లో ఇంగ్లండులో జాన్ థామస్ వే నేల కూడా ఇటువంటి నిష్పత్తులను పాటిస్తుందని చూపాడు. నేల ఒక ధనాయానాన్ని పట్టుకుంటే దానికి తుల్యమైన పరిమాణంలో మరొక దానిని వదులుతుంది. ఇంటర్మీడియట్ తరగతిలో గాజు పాత్రలో జరిగే చర్యలకు నేర్చుకున్న లెక్క పొలానికి కూడా వర్తించడానికి ఆధారం ఈ తుల్యతే.

ఏ చౌడు?

లెక్కకు ముందు తేల్చవలసిన విషయం ఒకటున్నది. చౌడు అంతా ఒకటి కాదు. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన 60వ హ్యాండ్‌బుక్ సూచించిన హద్దులనే నేటికీ ప్రయోగశాలలు వాడుతున్నాయి. సంతృప్త నేల ద్రావణం విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసైమన్లు దాటి, వినిమయ సోడియం శాతం 15 కంటే తక్కువగా, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. వాహకత 4 కంటే తక్కువగా ఉండి, వినిమయ సోడియం 15 శాతం మించి, ఉదజని సూచిక 8.5 దాటితే అది కారుచౌడు. వాహకత, వినిమయ సోడియం రెండూ హద్దు దాటినవి పాలకారు చౌడు నేలలు.

పాలచౌడులో లవణాలు నీటిలో కరిగి ఉంటాయి. మంచి నీరు పెట్టి, మురుగు తీస్తే పోతాయి. అక్కడ సోడియాన్ని తొలగించే రసాయన చర్యతో పని లేదు కనుక జిప్సం లెక్క కూడా లేదు. తీరం వెంబడి వాహకత ఒక్కటే ఎక్కువగా ఉన్న పొలానికి జిప్సం సిఫారసు చేయడం రైతు డబ్బును మురుగు కాలువలో పోయడమే.

దివిసీమ విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రపు నీరు అక్కడి పొలాలను ముంచెత్తింది. సముద్రపు నీటిలో సోడియంతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా ఉన్నాయి. అయినా సోడియం పాలు చాలా ఎక్కువ. లీటరు నీటిలో సుమారు 480 మిల్లీ తుల్యాంకాల సోడియానికి కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి 127 వరకు మాత్రమే ఉంటాయి. వీటి నుంచి లెక్కించిన సోడియం అధిశోషణ నిష్పత్తి 60 వరకు వస్తుంది. అటువంటి నీటితో నేల పూర్తిగా సమతాస్థితికి చేరితే వినిమయ సోడియం 45 శాతం దాటుతుందని హ్యాండ్‌బుక్ సమీకరణమే చెబుతుంది. లవణాలు ఉన్నంత కాలం బంకమన్ను గుల్లగానే ఉంటుంది. వాన నీరు లవణాలను కడిగివేసి, సోడియం మాత్రం కణాలపై మిగిలిపోతే నేల మెత్తబడి, నీరు ఇంకక, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. అందుచేత ఉప్పునీరు నిలిచిన పొలానికి వెంటనే చేసిన ఒక్క పరీక్ష చాలదు. ఒక వర్షాకాలం కడిగిన తరువాత వినిమయ సోడియాన్ని మళ్లీ కొలవాలి.

చర్య, దాని నిష్పత్తి

జిప్సం అంటే రెండు నీటి అణువులు కలిగిన కాల్షియం సల్ఫేటు. బంకమన్ను కణంపై ఉన్న రెండు సోడియం అయాన్ల స్థానాన్ని ఒక కాల్షియం అయాను ఆక్రమిస్తుంది. విడుదలైన రెండు సోడియం అయాన్లు సల్ఫేటుతో కలిసి ఒక అణువు సోడియం సల్ఫేటుగా నేల నీటిలోకి వస్తాయి. సోడియానికి ఒక ఆవేశం, కాల్షియానికి రెండు ఆవేశాలు ఉండడమే ఈ రెండుకు ఒకటి నిష్పత్తికి కారణం.

జిప్సం ఒక మోల్ భారం 172.17 గ్రాములు. కాని ఒక మోల్ సోడియాన్ని తొలగించడానికి కావలసింది అర మోల్, అంటే 86.09 గ్రాములు మాత్రమే. దీనినే తుల్యభారం అంటారు. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే. 172 వాడితే జవాబు రెండింతలవుతుంది. పరీక్షలో అది ఒక మార్కు తేడా, పొలంలో ఎకరాకు కొన్ని టన్నుల తేడా.

ఎకరా లెక్క

పామిడిముక్కల వంటి చోట ఒండ్రు నల్లరేగడి మడి నుంచి వచ్చిన ఒక నమూనాకు ఈ విలువలు ఉన్నాయని అనుకుందాం: ధనాయాన వినిమయ సామర్థ్యం కిలో మట్టికి 40 సెంటీమోళ్లు, వినిమయ సోడియం 25 శాతం, స్థూల సాంద్రత ఘనపు మీటరుకు 1.35 టన్నులు. సవరించవలసిన లోతు 15 సెంటీమీటర్లు. వినిమయ సోడియాన్ని 10 శాతానికి దించడం లక్ష్యం.

ముందుగా మట్టి బరువు. ఎకరా 4,047 చదరపు మీటర్లు. దానిని 0.15 మీటరుతో హెచ్చిస్తే 607 ఘనపు మీటర్లు, సాంద్రతతో హెచ్చిస్తే దాదాపు 820 టన్నులు, అంటే 8.2 లక్షల కిలోలు. ఈ అంకె వద్ద చాలామంది హెక్టారుకు 20 లక్షల కిలోలనో, 22.4 లక్షల కిలోలనో పుస్తకంలోని విలువను యథాతథంగా తీసుకుంటారు. అవి వేరువేరు సాంద్రతలకు, లోతులకు చెందినవి. లెక్కలో వాడిన సాంద్రత, లోతు ఏవో చీటీపై రాయడం అవసరం.

తరువాత తొలగించవలసిన సోడియం. 40లో 25 శాతం 10 సెంటీమోళ్లు, 10 శాతం 4 సెంటీమోళ్లు. తేడా కిలోకు 6 సెంటీమోళ్లు, అనగా 0.06 మోల్. ఎకరా మొత్తానికి 8.2 లక్షలను 0.06తో హెచ్చిస్తే 49,200 మోళ్ల సోడియం. దీనికి కావలసిన జిప్సం అందులో సగం, 24,600 మోళ్లు. ఒక్కొక్క మోల్ 172.17 గ్రాముల చొప్పున 4,235 కిలోల స్వచ్ఛమైన జిప్సం. ఈ నేలకు ఒక్కొక్క సెంటీమోల్ సోడియం తొలగింపునకు ఎకరాకు 706 కిలోలని గుర్తుంచుకుంటే మిగతా నమూనాలకు లెక్క సులభమవుతుంది.

అంగడిలో దొరికే జిప్సం స్వచ్ఛమైనది కాదు. స్వచ్ఛత 80 శాతమైతే 4,235ను 0.80తో భాగించాలి. అప్పుడు 5,294 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 106 కావాలి. స్వచ్ఛత 65 శాతానికి పడితే 130 బస్తాలు దాటుతాయి. బస్తా ధర తక్కువని నాసిరకం సరుకు కొన్న రైతు కాల్షియానికి నిజంగా తక్కువ ధర చెల్లించాడా అన్నది ఈ భాగహారం చేసిన తరువాతే తెలుస్తుంది.

ప్రయోగశాల కొలత

వినిమయ సామర్థ్యం, వినిమయ సోడియం విడివిడిగా కొలవడం సమయం పట్టే పని. అందుకే ఎక్కువ ప్రయోగశాలలు స్కూనోవర్ పద్ధతిని అనుసరిస్తాయి. 5 గ్రాముల మట్టికి 100 మిల్లీలీటర్ల సంతృప్త జిప్సం ద్రావణం కలిపి కుదిపి వడపోస్తారు. వడపోతలో మిగిలిన కాల్షియం, మెగ్నీషియంలను ఇ.డి.టి.ఎ. ద్రావణంతో అంశమాపనం చేస్తారు. మట్టి కలపని జిప్సం ద్రావణాన్ని కూడా అదే విధంగా కొలుస్తారు. రెండింటి తేడా మట్టి తీసుకున్న కాల్షియం.

మట్టి కలపని ద్రావణంలో లీటరుకు 30, వడపోతలో 26 మిల్లీ తుల్యాంకాలు ఉన్నాయనుకుంటే తేడా 4. వాడినది 100 మిల్లీలీటర్లు కనుక 0.4 మిల్లీ తుల్యాంకం. ఇది 5 గ్రాముల మట్టి తీసుకున్నది. 100 గ్రాములకు 8 మిల్లీ తుల్యాంకాలు, అదే కిలోకు 8 సెంటీమోళ్లు. ఈ పరీక్షలో జిప్సం ద్రావణం మొత్తం 3 మిల్లీ తుల్యాంకాల కాల్షియాన్ని అందిస్తుంటే మట్టి 0.4 మాత్రమే తీసుకున్నది. చర్యను నిలిపివేసేది, అనగా పరిమిత క్రియాజనకం, ఇక్కడ మట్టి. అది మట్టే అయ్యేలా పద్ధతిని రూపొందించారు. ద్రావణం సంతృప్తం కాకుండా తయారైతే ఆ ఏర్పాటు దెబ్బతిని, నేల అవసరం ఉన్నదాని కన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఈ కొలత ఎంత సున్నితమో గమనించదగినది. 5 మిల్లీలీటర్ల వడపోతను 0.01 నార్మాలిటీ ద్రావణంతో అంశమాపనం చేస్తే పై ఉదాహరణలో బ్యూరెట్ విలువలు 15.0, 13.0 వస్తాయి. మొత్తం సమాచారం ఆ రెండు మిల్లీలీటర్ల తేడాలోనే ఉన్నది. ఒక కొలతలో 0.1 మిల్లీలీటరు పొరపాటు జరిగితే జవాబు 0.4 సెంటీమోళ్లు మారుతుంది. ఎకరాకు 706 కిలోల చొప్పున అది 280 కిలోల జిప్సం, ఐదారు బస్తాలు. ఒకే నమూనాను కనీసం రెండుసార్లు కొలవాలన్న నియమం ప్రయోగశాల మర్యాద కోసం పెట్టినది కాదు.

స్కూనోవర్ విలువ 8 అని, వినిమయ సోడియం లెక్క 6 అని వస్తే ఏది నమ్మాలి? రెండూ వేరు ప్రశ్నలకు జవాబులు. స్కూనోవర్ పద్ధతిలో 10 శాతం సోడియాన్ని మిగల్చాలన్న లక్ష్యమేమీ లేదు. పైగా కారుచౌడులో కరిగి ఉన్న సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులు కూడా కాల్షియాన్ని సున్నపురాయిగా అవక్షేపింపజేస్తాయి. ఆ కాల్షియం బంకమన్నుపైకి చేరకపోయినా లెక్కలో చేరుతుంది. మట్టిని ముందుగా ఆల్కహాలుతో కడిగి ఈ లవణాలను తొలగించే సవరించిన పద్ధతి ఇందుకే వచ్చింది. అయితే పొలంలో ఆ కార్బొనేటులు నిజంగానే ఉంటాయి, నిజంగానే కాల్షియాన్ని తింటాయి. ముందుగా మంచి నీటితో వాటిని కడిగి పంపే వీలున్న పొలానికి తక్కువ అంకె, వీలులేని పొలానికి ఎక్కువ అంకె సమంజసం.

సగం మోతాదు అన్న మాట

మొత్తం అవసరంలో సగం వేస్తే చాలన్నది వరి విషయంలో బాగా ప్రచారంలో ఉన్న సిఫారసు. దీనికి ఆధారం ఉన్నది. వరి సోడియాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. వరి వేళ్లు, సేంద్రియ పదార్థం విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు నిలిచిన నీటిలో కరిగి, నేలలోని సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేటుగా కరిగిస్తుంది. అలా నేల తన సొంత కాల్షియాన్ని కొంత అందిస్తుంది.

కాని పై నమూనాలో సగం, అంటే 53 బస్తాలు మాత్రమే వేస్తే తొలిగేది 3 సెంటీమోళ్లు. మిగిలిన సోడియం 40లో 7, అంటే 17.5 శాతం. ఆ మడిలో వరి పండవచ్చు. వరి తరువాత అదే మడిలో చల్లే మినుము సంగతి వేరు. పప్పుజాతి పైర్లు చౌడును వరివలె ఓర్చుకోలేవు. దిగువ డెల్టాలో రబీ ఆదాయంలో మినుముకు ఉన్న స్థానం దృష్ట్యా సగం మోతాదును వరి–గోధుమ ప్రాంతాల నుంచి యథాతథంగా తెచ్చుకోవడం ఇక్కడ సరైన సిఫారసు కాదు. మొదటి సంవత్సరం సగం వేసి వరి తీసుకొని, రెండో వరికి ముందు మళ్లీ పరీక్షించి, మిగిలిన సోడియానికి సరిపడా వేసి, ఆ తరువాతే మినుముకు వెళ్లడం మేలు.

నీరు కూడా క్రియాజనకమే

సమీకరణంలో నీరు కనిపించకపోయినా కరగని జిప్సం చర్యలో పాల్గొనదు. జిప్సం లీటరు నీటిలో సుమారు 2.5 గ్రాములు మాత్రమే కరుగుతుంది. 4,235 కిలోలు కరగడానికి 1,694 ఘనపు మీటర్ల నీరు, అంటే ఎకరాపై దాదాపు 42 సెంటీమీటర్ల నీరు కావాలి. బంకమన్ను కాల్షియాన్ని ఎప్పటికప్పుడు లాగేసుకోవడం వల్ల జిప్సం మరింత వేగంగా కరిగి వాస్తవ అవసరం కొంత తగ్గుతుంది. అయినా శివారు భూమిలో కాలువ నీరు అందని సంవత్సరం బస్తాలు ఎన్ని వేసినా పరిమిత క్రియాజనకం నీరే అవుతుంది.

చర్య వల్ల పుట్టిన దానినీ లెక్కించాలి. 24,600 మోళ్ల జిప్సం అంతే మోళ్ల సోడియం సల్ఫేటును ఇస్తుంది. మోల్‌కు 142.04 గ్రాముల చొప్పున అది ఎకరాకు దాదాపు మూడున్నర టన్నులు. ఈ ఉప్పు పొలం దాటి వెళ్లకపోతే చర్య వెనక్కు మళ్లుతుంది, వేసవిలో పైకి తేలుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువల కోసం 1968లోనే ప్రత్యేక సెస్సు చట్టం వచ్చిందంటే సమస్య ఎంత పాతదో ఊహించవచ్చు. మురుగు బోదె లేని మడికి జిప్సం సిఫారసు చేసే ముందు బోదెను సిఫారసు చేయాలి.

ప్రత్యామ్నాయాలు

జిప్సం బదులు గంధకం వేయవచ్చునా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. గంధకాన్ని నేలలోని బాక్టీరియాలు గంధకికామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం సున్నపురాయితో కలిసి నేలలోనే జిప్సాన్ని తయారు చేస్తుంది. ఒక మోల్ గంధకం ఒక మోల్ జిప్సానికి సమానం. కనుక 24,600 మోళ్లకు 32.06 గ్రాముల చొప్పున 789 కిలోల గంధకం చాలు. మోత ఖర్చు తగ్గుతుంది. కాని ఈ చర్యకు మరొక క్రియాజనకం కావాలి. అంతే మోళ్ల సున్నపురాయి, అంటే 2,462 కిలోలు నేలలో ఉండాలి. 8.2 లక్షల కిలోల మట్టిలో అది 0.3 శాతం. సున్నం 0.1 శాతమే ఉన్న నేలలో మూడో వంతు గంధకమే జిప్సంగా మారుతుంది, మిగిలినది ఆమ్లంగా ఉండిపోతుంది. ఆమ్లం కూడా సోడియాన్ని కొంత తొలగించగలదు, అయితే కాల్షియం లేకుండా నేల కట్టు బాగుపడదు. అదీకాక ఈ బాక్టీరియాలకు గాలి కావాలి. నీరు నిలిచిన వరి మడిలో గంధకం అలాగే ఉండిపోతుంది. దుక్కిలో కలిపి, తేమ ఉంచి, దమ్ముకు కొన్ని వారాల ముందుగానే వేసిన చోటనే దీని లెక్క ఫలిస్తుంది.

చక్కెర కర్మాగారాల ప్రెస్‌మడ్ చెరకు ప్రాంతంలో సులువుగా దొరుకుతుంది. సల్ఫిటేషన్ పద్ధతి మడ్డిలో కాల్షియం సల్ఫేటు, సల్ఫైటు రూపాల్లో ఉంటుంది. కార్బొనేషన్ పద్ధతి మడ్డిలో అది ప్రధానంగా సున్నపురాయి, కారుచౌడులో దాదాపు కరగదు. రెండింటినీ ఒకే బరువుకు ఒకే విలువ కట్టకూడదు. కాల్షియం శాతం, దాని రూపం తెలియని మడ్డిని సేంద్రియ ఎరువుగా వేయవచ్చు, జిప్సం లెక్కలో నుంచి దాని పేరిట ఏమీ తగ్గించకూడదు.

బోరు నీటికి లెక్క

కాలువ నీరు తగ్గిన రోజుల్లో వాడే బోరు నీటిలో బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే, సవరించిన నేల తిరిగి కారుచౌడుగా మారుతుంది. అవశేష సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ తుల్యాంకాలు దాటిన నీటిని అలాగే వాడరాదు. ఎకరాకు 10 సెంటీమీటర్ల తడి అంటే 4,04,700 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీ తుల్యాంకం తగ్గించాలంటే 404.7 తుల్యాంకాలు, 86.09 గ్రాముల చొప్పున 35 కిలోల స్వచ్ఛమైన జిప్సం. నీటి విలువ 5 ఉంటే 2.5కు దించడానికి ఒక్కో తడికి 87 కిలోలు, 80 శాతం స్వచ్ఛత గల సరుకైతే 109 కిలోలు. పైరు కాలంలో బోరు తడులు ఆరు పెడితే ఇది 650 కిలోలు దాటుతుంది. నేలకు ఒకసారి వేసే మోతాదులో ఇది చేరదు, ఏటా వచ్చే ఖర్చు. పంట నిర్ణయానికి ముందే రైతుకు ఈ అంకె చెప్పాలి.

పరీక్ష ఫలితాల చీటీలో జిప్సం టన్నులతో పాటు నాలుగు విలువలు ఉంటే గ్రామస్థాయి సిబ్బంది లెక్కను తిరిగి సరిచూసుకోగలరు: తీసుకున్న లోతు, స్థూల సాంద్రత, లక్ష్యంగా పెట్టుకున్న సోడియం శాతం, అనుకున్న జిప్సం స్వచ్ఛత. రైతు తెచ్చిన సరుకు స్వచ్ఛత వేరైతే బస్తాల సంఖ్యను అక్కడికక్కడే మార్చి ఇవ్వవచ్చు. రెండో నమూనాను మొదటి వరి కోసిన తరువాత, అదే మడిలో, అదే లోతు నుంచి తీయాలి.